నాన్న జీపుకి ఏ ఇంజన్?

మా నాన్న ఫోన్లో ఏం మాట్లాడినా అరుస్తున్నట్టే ఉంటుంది. "తిన్నావా" అన్నా, "అక్కడ వాన పడిందా" అన్నా అంతే. ఆఫీసులో పక్క సీట్లో వాళ్లు తలెత్తి చూస్తారు. 2024 ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం అలాగే అరిచాడు. "జీపు హెడ్డు పగిలిపోయిందిరా. ఇంక అతకదంట."

ఎవరో పోయిన కబురులా చెప్పాడని నాకనిపించింది. "వేరే ఇంజన్ వేయిద్దాం నాన్నా, నేను చూసుకుంటా," అన్నాను. అప్పటికి అది వారం పది రోజుల పని అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది. అందులో మెకానిక్ పని రెండు నెలలే. మిగతా అయిదు నెలలు పెట్రోలు ఇంజనా, డీజిల్ ఇంజనా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే గడిచిపోయాయి.

మాది గోకవరం. రాజమండ్రి నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వెళ్తుంటే మైదానం అయిపోయి ఏజెన్సీ మొదలయ్యే చోటు. ఆ జీపుని మా తాతయ్య 1974లో ప్రభుత్వ వేలంలో కొన్నాడు. అంతకు ముందు ఏడాది చివర్లో ప్రపంచమంతా ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైంది. పెట్రోలు తాగే బండ్లంటే జనం భయపడుతున్న రోజులు. అందుకే మా తాతయ్య స్తోమతకి కూడా జీపు దొరికింది. మహీంద్రా వాళ్లు విల్లీస్ కంపెనీ లైసెన్సుతో తయారుచేసిన సీజే-3బి.

ఈ మోడల్‌ని మీరు పాత సినిమాల్లో చూసే ఉంటారు. ముందు బానెట్ డబ్బాలా ఎత్తుగా ఉంటుంది. దాన్నెందుకు అలా చేశారో నాకు ఈ ఇంజన్ గొడవలో పడ్డాకే తెలిసింది. విల్లీస్ వాళ్ల పాత ఇంజన్లో వాల్వులన్నీ బ్లాకులో పక్కనే ఉండేవి. కొత్తగా వచ్చిన హరికేన్ ఇంజన్లో గాలి పీల్చే వాల్వుల్ని పైన హెడ్డులోకి మార్చారు, పొగ వదిలే వాల్వులు కిందే ఉండిపోయాయి. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగింది, పాత బానెట్ కింద పట్టలేదు. 1953లో బానెట్‌నే పైకి లేపేసి కొత్త మోడల్ అన్నారు. అంటే ఆ జీపు మొహం అలా ఉండడానికి కారణం దాని పెట్రోలు ఇంజనే. 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 72 హార్స్‌పవర్.

ఆ ఇంజన్‌తో జీపు నడవడం నేను చూడలేదు. 1988లో, నేను పుట్టిన ఏడాది, నాన్న దాన్ని దింపించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించాడు.

అప్పుడది ఒక్క మా ఇంట్లో జరిగిన సంగతి కాదు. డీజిల్ ధర పెట్రోలులో దాదాపు సగం ఉండేది. జీపు ఉన్న ప్రతివాడూ డీజిల్‌కి మారే దారి వెతికేవాడు. మా నాన్నకి దొరికిన దారి, పాతబడిన బి-275 ట్రాక్టర్ ఒకటి. బొంబాయి కాందివలీలో తయారైన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ అది, దేశమంతా తిరిగింది. 2.36 లీటర్ల డీజిల్ ఇంజన్. పొలంలో 35 హార్స్‌పవర్ ఇచ్చేది. అమ్మ గాజులు తాకట్టు పెట్టి దాన్ని కొన్నాడు. లేతు మీద ఒక అడాప్టర్ ప్లేటు చేయించి జీపులో ఉన్న మూడు గేర్ల బాక్సుకే బిగించారు. బరువు ఎక్కువని ముందు కమాన్లకి ఒక్కో పట్టా అదనంగా వేశారు. ఆర్సీలో ఇంధనం డీజిల్ అని రాయించారు. మర్నాటి నుంచి గోకవరం, మారేడుమిల్లి మధ్య సర్వీసు.

లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు, పైన చింతపండు బస్తాలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు. నా చదువు ఆ జీపు మీదే నడిచింది. కాకినాడలో ఇంజనీరింగ్ చేసిన నాలుగేళ్లూ నాన్న ఇచ్చిన నోట్లకి డీజిల్ వాసన ఉండేది. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. ఒకసారి ఒక సభలో మైకులో కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు.

టాటా మ్యాజిక్‌లు వచ్చాక సర్వీసు తగ్గింది, తర్వాత ఆగింది. జీపు ఇంటి బండి అయింది. ఈ మధ్యలో ఆ ట్రాక్టర్ ఇంజన్‌కి రెండుసార్లు బోరు కొట్టించాడు నాన్న. చివరికి నాతోపాటు 36 ఏళ్లు బతికి, ఒక ఎండాకాలం వేడెక్కి, పగిలింది.

మే నెలలో విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. పాత బొలేరోల నుంచి దింపిన ఇంజన్లు అక్కడ వరసగా పెట్టి ఉంటాయి. నాకు చూపించింది 2523 సీసీ డీజిల్. ఎలక్ట్రానిక్స్ లేని పాతరకం, పంపు నుంచి ఇంజెక్టర్ దాకా అంతా మెకానికల్. స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. బిగింపుతో కలిపి లక్షా పదివేలు అన్నాడు మేస్త్రి. అడ్వాన్స్ ఇవ్వబోతుంటే అడిగాడు.

"బండిది పుట్టింజన్ ఏమైందండీ?"

"ఇంట్లోనే ఉంది. పశువుల కొట్టంలో. దింపి ముప్పై ఆరేళ్లయింది, ఈపాటికి పట్టేసుంటుంది."

"తిప్పి చూశారా?"

"లేదు."

"తిప్పి చూసి రండి బాబూ. ఆ ఇంజన్ కోసం తిరిగేవాళ్లున్నారు. పట్టకపోతే చేసేయొచ్చు. లక్షా ముప్పై అవుద్ది."

ఇరవై వేలు తేడా. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి హైదరాబాద్ తిరిగొచ్చిన రాత్రే ఎక్సెల్ షీట్ తెరిచాను.

మొదట ఇంధనం లెక్క. నాన్న రోజుల్లో జీపు రోజుకి 150 కిలోమీటర్లు తిరిగేది. ఏడాదికి 300 రోజులనుకుంటే 45,000. పెట్రోలైతే లీటరుకి 8 కిలోమీటర్లు, అంటే 5,625 లీటర్లు. డీజిలైతే 12, అంటే 3,750 లీటర్లు. దానికి తోడు లీటరు సగం ధర. మొత్తం ఖర్చు పెట్రోలు ఖర్చులో మూడో వంతు. ఈ లెక్క కనిపించాక ఇంక ఆలోచించడానికేమీ లేదు. అమ్మ గాజులకి కూడా లేకపోయింది.

ఇప్పుడు అదే జీపు ఏడాదికి మహా అయితే 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది. పెట్రోలు మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో పోయింది, డీజిల్ మీద 2014 అక్టోబరులో. ధరలు దగ్గరకొచ్చేశాయి. 2024లో మా వైపు పెట్రోలు 109 రూపాయలుంటే డీజిల్ 97 ఉండేది. పెట్రోలుకి ఏడాదికి 27 వేలు, డీజిల్‌కి 16 వేలు. తేడా 11 వేలు. మా ఆవిడా నేనూ ఏడాదికి సినిమాలకీ పాప్‌కార్న్‌కీ పెట్టేది అంతకంటే ఎక్కువే. నాన్న ముందు ఒక్క దారే మిగిల్చిన లెక్క నా దగ్గరికొచ్చేసరికి పెద్దగా లెక్క కాకుండా పోయింది.

అయినా నా షీటులో డీజిలే గెలిచింది. గెలిపించాను అనాలి. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గులుండవు. గాలిని ఇరవై వంతుల్లో ఒక వంతుకి నొక్కేస్తే ఆ వేడికే డీజిల్ మండుతుంది. కాబట్టి వాగులో దిగితే తడిసి ఆగిపోయే డిస్ట్రిబ్యూటర్ గొడవ లేదు. తక్కువ ఆర్పీఎంలో లాగుడు ఎక్కువ, ఘాట్‌కి మంచిది. పెట్రోలుకేమో ఇప్పుడు కొత్త తలనొప్పి, 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లో లీటరుకి దొరికే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. పైగా పాత బండ్ల రబ్బరు పైపుల్నీ పంపు డయాఫ్రమ్‌నీ తినేస్తుంది. ఇవన్నీ నిజాలే. కానీ ఒక్కోదానికి నేను వేసిన మార్కులు మాత్రం నిజాయితీగా వేసినవి కావు.

అసలు కారణం షీటులో లేదు. ఆ జీపు అంటే నాకు డీజిలే. సాయంత్రం ఏడింటికి ఊరి బయట మలుపు దగ్గర ఆ దడదడ మొదలయ్యేది. అమ్మ అన్నం వార్చేది, నేను పుస్తకం తెరిచేవాణ్ణి. పెట్రోలు ఇంజన్ తాతయ్య తాలూకు. మమ్మల్ని పోషించింది డీజిల్ ఇంజన్. పాత జీపుల్ని కొని, ఒరిజినల్ ఇంజన్ వెతికి, ఒరిజినల్ రంగు కొట్టించి మురిసిపోయేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు కూడా. ఒక పుస్తకంలో మధ్యలో ముప్పై ఆరు పేజీలు చింపేసి ఇదే అసలు ప్రతి అన్నట్టుంటుంది. మళ్లీ డీజిలే వెయ్యాలి, ఆ శబ్దం ఉండాలి అనుకున్నాను. దాని మీద ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను. మొదటి పేరాలోనే "శ్రమ సౌందర్యం" అని రాశాను.

జూన్‌లో ఊరెళ్లి ల్యాప్‌టాప్ నాన్న ముందు పెట్టాను. నాన్న మిషను చెవిలో పెట్టుకుని కూర్చున్నాడు. లాగుడు, వాగులు, స్పేర్లు, ఇథనాల్ అన్నీ చెప్పాను. అంతా విన్నాడు.

"ఇప్పుడు నువ్వు వాగులు దాటతావేంట్రా?"

"లేదనుకో."

"పైన బస్తాలేస్తావా?"

"లేదు."

"మరెందుకురా డీజిలు?"

చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. నీకోసం, నీ కష్టం గుర్తుగా అని. ఎదురుగా కూర్చున్న మనిషితో అలాంటి మాట అనలేం. "పాత ఇంజన్ ఈపాటికి పట్టేసుంటుందిగా నాన్నా," అన్నాను.

నాన్న ఏమీ అనలేదు. లేచి చెవిలో మిషను తీసి జేబులో వేసుకుని దొడ్లోకి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లాను.

కొట్టంలో మూల చెక్క దుంగల మీద, గోనెల కింద ఉంది ఇంజన్. గోనెలు తీశాను. తుప్పు తక్కువ, నూనె జిడ్డు ఎక్కువ. వెనక ఫ్లైవీల్ పళ్లు పట్టుకుని కదిపాను. కదలదనుకుని గట్టిగా లాగాను. కానీ కదిలింది. మెల్లగా, బరువుగా, లోపల నాలుగు పిస్టన్లూ ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నట్టు తెలిసేలా తిరిగింది.

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నాకు తెలియాలి. ముప్పై ఆరేళ్లు కదపని ఇంజన్ ఇలా తిరగదు. సిలిండర్‌లో రింగులు తుప్పుతో అతుక్కుపోతాయి. తిరగాలంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి ఆయిల్ పోస్తూ, అప్పుడప్పుడూ ఎవరో చేత్తో తిప్పుతూ ఉండాలి.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి దసరాకీ ఆయుధ పూజ రోజు జీపుకి బొట్టు పెట్టాక నాన్న కుంకుమ పళ్లెం పట్టుకుని కొట్టంలోకి వెళ్లేవాడు. నేను వెనక పడితే నూనె డబ్బా నా చేతికిచ్చేవాడు. లోపల ఏదో పోసి, చక్రం తిప్పి, బొట్టు పెట్టి వచ్చేసేవాడు. అదీ పూజలో భాగమే అనుకున్నాను. నాకు పన్నెండేళ్లు వచ్చాక వెళ్లడం మానేశాను. నాన్న మానలేదు.

"ఎందుకు తిప్పేవాడివి నాన్నా?" అన్నాను. వినపడలేదు. ముందుకెళ్లి, మొహం చూసేలా నిలబడి మళ్లీ అడిగాను.

"ఎప్పటికైనా పెట్టుకుందామనిరా," అన్నాడు. "నువ్వు స్కూలు దాటాక పెట్టుకుందామనుకున్నా. తర్వాత కాలేజీ దాటాక అనుకున్నా."

ఆ సాయంత్రం నాన్న మామూలుగా కంటే ఎక్కువే మాట్లాడాడు. 1988లో ఇంజన్ దింపుతుంటే తను అక్కడ లేడట, టీ కొట్టు దగ్గర కూర్చున్నాడట. తాతయ్య వారం రోజులు మాట్లాడలేదట. పెట్రోలు ఇంజన్ ఉన్నప్పుడు జీపు ఆగి ఉంటే ఆన్‌లో ఉందో లేదో తెలిసేది కాదట, ఘాట్ మీద పోతూ వెనక కూర్చున్నవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడొచ్చట. "ఆ ట్రాక్టర్ ముండమోపిది ముప్పయ్యేళ్లు నా నెత్తి మీద మోగింది," అన్నాడు. మా నాన్న నోట అంత మాట రావడం అరుదు.

ఆ రాత్రి నిద్ర పట్టక మళ్లీ లెక్కలు వేశాను. ఈసారి ఖర్చులు కాదు. ఈ జీపు ఇరుసులో గేరు నిష్పత్తి 5.38. టాప్ గేరులో ఇంజన్ 5.38 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. 4,000 ఆర్పీఎం దాకా హాయిగా తిరిగే పెట్రోలు ఇంజన్‌కి పెట్టిన నిష్పత్తి అది. బి-275 ఇంజన్ పూర్తి శక్తి 1,875 ఆర్పీఎం దగ్గరే. జీపు టైరు చుట్టుకొలత రెండుంబావు మీటర్లు. గుణిస్తే గంటకి 47 కిలోమీటర్లు.

మా నాన్న జీపు ఎప్పుడూ యాభై దాటేది కాదు. ఊళ్లో అందరూ "ఆయన జాగ్రత్తగా నడుపుతాడు" అనేవాళ్లు. ఆడవాళ్లూ పిల్లలూ మా జీపు కోసం ఆగి ఎక్కేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. అది జాగ్రత్త కాదు, లేదా జాగ్రత్త ఒక్కటే కాదు. ఆ ఇంజన్ అంతకంటే తిరగదు. ఇరుసులో గేర్లు మార్పిస్తే అదే ఇంజన్ తాపీగా తిరుగుతూ అదే వేగానికి వెళ్లేది. అంత మోత ఉండేది కాదు. మార్చడానికి డబ్బుల్లేవు. నాలుగు సిలిండర్ల ట్రాక్టర్ ఇంజన్‌ని దాని ఆఖరి హద్దు దగ్గర పట్టుకుని, రోజుకి నాలుగైదు గంటలు, పైన గుడ్డ టాపు, మధ్యలో ఒక రేకు.

మూడేళ్ల క్రితం రాజమండ్రిలో నాన్న చెవులు పరీక్ష చేయించాను. ఆ గ్రాఫు ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది. 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గోతిలోకి దిగినట్టు దిగిపోతుంది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్ల చెవులు అలాగే పోతాయని డాక్టరు చెప్పింది. తక్కువ స్థాయి శబ్దాలు వినపడతాయి, పైవి పోతాయి. అంటే అచ్చులు వినపడతాయి, స, శ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. "మీరు మాట్లాడుతున్నారని ఆయనకి తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు," అంది.

అది విన్నప్పుడు వయసనుకున్నాను. ఇంజన్‌కి ముడిపెట్టలేదు. చిన్నప్పుడు మా నాన్న ఊరికే కోప్పడతాడని నాకు భయంగా ఉండేది. ఏదడిగినా అరిచేవాడు. రెండోసారి అడిగితే విసుక్కునేవాడు. నేను అడగడం తగ్గించేశాను. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో, ఎవరిని పెళ్లి చేసుకుంటున్నానో అమ్మతో చెప్పి చెప్పించాను. ఆ మనిషి కోప్పడలేదు, తన మాట తనకి వినపడేంత గట్టిగా మాట్లాడాడు అంతే. నాకు హోంవర్క్ టైమయిందని చెప్పిన ఆ దడదడే ఆయనకి నా మాటలోని హల్లుల్ని తీసేసింది.

నేను కథల పుస్తకాల మీద సమీక్షలు రాస్తుంటాను. మర్నాడు పాతవి తీసి చూసుకున్నాను. "శ్రమ సౌందర్యం" మూడుచోట్ల, "చెమట పరిమళం" ఒకచోట. ఆ కథలు మంచివే, వాటి గురించి నేను చెప్పినదంతా తప్పు కాదు. కానీ ఆ మాటలు రాసేటప్పుడు నేను ఎక్కడ కూర్చున్నానో ఇప్పుడు తెలుస్తోంది. ఇంట్లో, పుస్తకం ముందు, దూరంగా మలుపు దగ్గర జీపు మోత వింటూ. దూరం నుంచి బాగుంటుంది. నాన్న దానికి మూడడుగుల దూరంలో ఉన్నాడు.

పేజీలు చింపడం అని నేననుకున్నది కూడా మళ్లీ ఆలోచించాను. ఆ పేజీలు రాసిన మనిషే అవి చాలంటున్నాడు. చాలనడానికి ముప్పై ఆరేళ్లు ఆగాడు. ఉంచాలని పట్టుబట్టే హక్కు చదివినవాడికి ఎంత ఉంటుంది? పెట్రోలు ఇంజన్ ఏమైనా గొప్పదా అంటే కాదు. దాహం ఎక్కువ, వాగులో మొండికేస్తుంది, ఈ ఇథనాల్ కాలంలో దాన్ని చంటిపిల్లలా చూసుకోవాలి. ఎక్సెల్‌లో ఈసారి నిజాయితీగా మార్కులు వేసినా డీజిల్‌దే పైచేయి. కానీ ఏడాదికి పదకొండు వేలు ఎక్కువ పెట్టి తప్పు ఇంజన్ ఎంచుకోగలిగే స్థితికి మా ఇంటిని తెచ్చింది ఆ డీజిలే కదా. తెచ్చినందుకు దాన్నే మళ్లీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

జులైలో ఆటోనగర్‌కి ఫోన్ చేసి పెట్రోలు అని చెప్పాను. ఇంజన్ మార్పుకి ముందుగా ఆర్టీవో అనుమతి, తర్వాత ఆర్సీలో మార్పు ఉండాలి కాబట్టి ఆ కాగితాలు పెట్టాం. అనుమతి వచ్చాక పని మొదలైంది. కొత్త స్లీవులు, పిస్టన్లు, రింగులు. వాల్వు సీట్లు మార్చారు. కార్బురేటర్ విప్పి కడిగారు. పైపులూ డయాఫ్రమూ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించాను. అడాప్టర్ ప్లేటు తీసేశారు, గేర్‌బాక్సు తన పాత ఇంజన్‌కి ఏ ఇబ్బందీ లేకుండా సరిపోయింది. ముందు కమాన్లలో ఆ అదనపు పట్టాలు కూడా తీసేస్తే జీపు ముక్కు కొంచెం లేచింది.

ట్రాక్టర్ ఇంజన్‌ని దాచి పెడదామన్నాను. నాన్న నవ్వాడు. పాత ఇనుము వాణ్ణి పిలిచి కాటా వేయించి అమ్మేశాడు. నేను ఒక ఇంజెక్టర్ విప్పి తెచ్చుకున్నాను. "దాంతో ఏం చేస్తావురా?" అన్నాడు. ఏమీ చెయ్యను. హైదరాబాద్‌లో నా టేబుల్ మీద ఉంది.

నవంబరులో జీపు ఇంటికొచ్చింది. ఇంటి ముందు అమ్మ, నేను, పక్కింటివాళ్లు. నాన్న స్నానం చేసి మిషను పెట్టుకోకుండానే బయటికొచ్చాడు. నేను సీట్లో కూర్చుని చోక్ లాగి స్టార్ట్ చేశాను. రెండుసార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది. చోక్ మెల్లగా లోపలికి నొక్కాను. శబ్దం తగ్గుతూ తగ్గుతూ చివరికి కుట్టుమిషను చప్పుడంత అయింది. నాన్న చెప్పింది అతిశయోక్తి కాదు.

ఆయన నా వైపే చూస్తున్నాడు.

"స్టార్ట్ కాలేదా?" అని అరిచాడు.

అయిందన్నట్టు తలూపాను. నమ్మలేదు. ముందుకొచ్చి ఆ ఎత్తు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత రెండో చెయ్యి కూడా పెట్టాడు.

"ఆ, నడుస్తోంది," అన్నాడు, అమ్మ వైపు తిరిగి. ఆ మాట మాత్రం మామూలు గొంతుతోనే అన్నాడు.